కోపం రాకూడని మనిషి

“నీకు కోపం రాకూడదు,” అన్నాడు చీఫ్.

ఆ మాటకే మిరపకాయకి కోపం వచ్చింది. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతణ్ణి పిలిచే పేరు అదే. అతని మెదడులో ఒక రక్తనాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బింది. బీపీ పెరిగితే పగలొచ్చు. అదే జబ్బున్న అతని తల్లిని ఒక డాక్టరు తలెత్తి కూడా చూడకుండా “ఉత్త తలనొప్పే” అని ఇంటికి పంపాడు. సాయంత్రానికి ఆమె లేదు.

ఆ రోజు నుంచి అక్క ఇంజనీరింగ్‌ని పగబట్టినట్టు చదివింది. వెంట్రుక కన్నా సన్నని తీగలతో స్టెంట్ అల్లింది. మడిచి గొట్టంలో దూర్చి మెదడు దాకా పంపితే, ఒంటి వెచ్చదనానికి విచ్చుకుని బుడగలోకి రక్తం పోకుండా అడ్డుకుంటుంది. ధర విదేశీ స్టెంట్ ధరలో పదోవంతు. రేపు మొదటిసారి ఒక మనిషికి వేస్తారు. ఆ మనిషి మిరపకాయే.

“విదేశీ స్టెంట్లు అమ్మే గ్రే గ్లవ్ ముఠా దాన్ని మార్చేస్తుంది,” అన్నాడు చీఫ్. “నకిలీది విచ్చుకోదు. నాళం మూసుకుపోతుంది. నీతోపాటు మీ అక్క డిజైనూ పోతుంది. వాళ్ళ సరుకు అమ్ముడుపోతుంది.”

“సరుకు కోసం మనుషుల్ని చంపుతారా, దొంగవెధవలు!”

“బీపీ! ముఠాలో మన ఏజెంట్ ఉంది. కోడ్‌నేమ్ నెమలి. స్టెంట్ కంపెనీ ప్రతినిధిగా ఆపరేషన్ థియేటర్‌లో ఉంటుంది. మార్చే పని ముఠా ఆమెకే ఇచ్చింది, కానీ అసలుదే అందిస్తుంది. నువ్వు ఊరికే పడుకో, చాలు.”

మర్నాడు ఉదయం నర్సు అతని వాచీ తీసేసింది. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఉంగరం తీసేసింది. అందులో కెమెరా. బెల్టులో కత్తి. అదీ పోయింది. ఆఖరికి వెనక ముడి నిలవని గౌను మిగిలింది. చావొస్తే రానీ, ఈ వేషంలో మాత్రం వద్దనుకున్నాడు.

“ఒరేయ్, స్టెంట్‌ని నీ కళ్ళముందే గోరువెచ్చని సెలైన్‌లో ముంచుతాను,” అంది అక్క, అతని నుదురు నిమురుతూ. “విచ్చుకుంటేనే చల్లార్చి, మడిచి లోపలికి పంపేది.”

“ప్రతి స్టెంట్‌నీ ముంచాలా అక్కా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే...”

“అమ్మని అలాగే చూశారు. నేను ప్రతి మెతుకూ పట్టుకుంటాను.”

నెమలి వచ్చింది. మాస్కు పైన కాటుక కళ్ళు.

“చలిగా ఉందా?”

“రెండో దుప్పటి కావాలి.”

కోడ్ కలిసింది. ఆమె అక్కవైపు తిరిగింది. “సెలైన్ వేడెక్కగానే పిలుస్తాను మేడమ్.” అక్క అద్దం అవతల మానిటర్ల గదిలోకి వెళ్ళింది.

మత్తు ఎక్కుతోంది. నాలుక మొద్దుబారింది. అప్పుడు వినబడింది నెమలి గొంతు.

“టెస్ట్ అయిపోయింది డాక్టర్. డిజైనర్ గారే చూశారు. కానివ్వండి.”

అమ్ముడుపోయింది! అరవబోతే గురక లాంటి శబ్దం వచ్చింది. చేతులకి పట్టీలు. గాడ్జెట్లన్నీ లాకర్‌లో. మిగిలింది ఒక్కటే, డాక్టర్లు వద్దన్నది.

బుడగ పగిలితే పోతాడు. పగలకపోతే ఎగబాకిన బీపీని అక్క మానిటర్‌లో చూస్తుంది. ‘ఉత్త తలనొప్పే’ అన్న ఆ గొంతుని తలుచుకున్నాడు. తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డ అమ్మని తలుచుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

బీపీ అలారం మోగింది. అక్క తలుపు తోసుకుని వచ్చింది.

“ఆపండి! వీడు భయపడడు. ఇది కోపం. ఎవరిమీదరా?”

అతని కళ్ళు సెలైన్ గిన్నె మీదికి, అక్కణ్ణుంచి నెమలి మీదికి తిరిగాయి. గిన్నె పొడిగా ఉంది. గొట్టంలోకి దూర్చబోతున్న స్టెంట్‌ని అక్క డాక్టరు చేతిలోంచి లాక్కుంది. వెచ్చని సెలైన్ పోయించి అందులో పడేసింది. అది చీపురుపుల్లలా అలాగే ఉండిపోయింది.

నెమలి పరుగెత్తింది. గుమ్మం దగ్గర నేల తుడిచే ముసలాడి కర్ర కాళ్ళకి అడ్డుపడి బోర్లా పడింది. ముసలాడు తన పెట్టుడు గడ్డం పీకేశాడు. చీఫ్! “దీని మీద నాకు ముందే అనుమానం,” అన్నాడు.

“మా తమ్ముణ్ణి ఎరగా వేస్తారా? సిగ్గు లేదూ?” అక్క ఆయన్ని దులిపేసింది. సీలు తీయని రెండో స్టెంట్ తెప్పించి, అందరి ముందూ ముంచింది. అది గొడుగులా తెరుచుకుంది.

మిరపకాయ కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన చీఫ్ ఉన్నాడు.

“ముఠా మొత్తం దొరికింది. కానీ నువ్వు ఒక్క గాడ్జెట్టూ వాడలేదే! వాడిన ఆయుధం ఏమిటని రాయను?”

“కోపం అని రాయండి సార్. డిపార్ట్‌మెంట్ సొమ్ము కాదు, మా అమ్మది.”