భానుమతి మోకాలికి సిమెంటు

"నా కత్తిపీట అటకెక్కించిందెవరండీ?"

"నేనే. ఏటిప్పుడు?" రామనాథం పేపరు దించలేదు.

"చాకుతో తరిగితే అవి వంకాయ ముక్కలేనా? ఒకటి లావు, ఒకటి సన్నం. సగం ఉడకలేదు, సగం చితికిపోనాయి."

"నేల మీద కూకుంటే మళ్ళా లేవగలవేటి? నిన్న నిన్ను లేపడానికి పక్కింటి ఘోష్ దాదాని పిలవాల్సొచ్చింది."

"ఇంకా గట్టిగా అనండి. లిలువా ఊరు మొత్తం వినాల!"

భానుమతి విసురుగా వంటింటివైపు తిరిగింది. కుడిమోకాలు కలుక్కుమంది. గోడ పట్టుకుని నిలదొక్కుకునేసరికి గుమ్మంలో కూతురు నీరజ, వెనకాల తడిసిన గొడుగు ముడుస్తూ ఓ పొడుగాటి కుర్రాడు.

"అమ్మా, ఇతను లలిత్. నాతోపాటే ఎముకల విభాగంలో డాక్టరు. హైదరాబాద్ అబ్బాయి. నీ మోకాలి గురించి నాతో రోజూ గొడవపడేది ఇతనే."

"నమస్తే ఆంటీ. గొడవ నాది కాదు. మీ అమ్మాయి నన్ను మాట్లాడనిస్తలేదు."

మోకాలి కీలు మార్చాలన్నది ఎప్పుడో తేలిపోయింది. తేలనిదల్లా, కొత్త కీలును ఎముకకు సిమెంటుతో నిలపాలా, సిమెంటు లేకుండానా అన్నది.

"సిమెంటేటి? నా పెళ్ళాం కాలా, పిట్టగోడా?" అన్నాడు రామనాథం.

"ఇండ్లు కట్టే సిమెంటు కాదంకుల్. ముద్దలెక్క కలిపి పెడ్తం, నిమిషాల్లో గట్టిపడ్తది. ఎన్నో ఏండ్ల సంది వాడుతున్నరు."

"కొన్నేళ్ళకి అది వదులవ్వచ్చు. ఆ మాట చెప్పవేం?" నీరజ అందుకుంది. "రెండో రకానికి సన్నసన్న రంధ్రాలుంటాయి నాన్నా. అమ్మ ఎముకే అందులోకి పెరిగి పట్టుకుంటుంది. అమ్మకింకా అరవై కూడా రాలేదు."

"పట్టుకోకపోతే?" అన్నాడు లలిత్.

"పట్టుకుంటుంది."

"నీ పట్టు లెక్కనా?"

"ధుత్!" నీరజ బెంగాలీలో విసుక్కుంది.

రామనాథం మురిసిపోయాడు. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగమంతా చక్రాలు బిగించినవాడు. "నా కూతురే రైటు! చక్రాన్ని ఇరుసుకి జిగురెట్టి అతికిస్తామేటి? ప్రెస్సులో పెట్టి దిగ్గొడతాం. ఊడమన్నా ఊడదు."

"ఇరుసు ఉక్కు గదా అంకుల్. ఎముక ఎట్లున్నదో చూడాలె."

వాదన సాగుతూనే ఉంది. మాటల మధ్యలోనే లలిత్ ముక్కాలిపీట లాగి ఆమె కాలి కింద పెట్టాడు. భానుమతి అది గమనించింది. ఇంకోటి కూడా గమనించింది. గొడవ మోకాలి గురించే అయితే ఇద్దరూ నీరజ తెచ్చిన ఎక్స్‌రే వైపు చూడాలి. ఒక్కరూ చూడడం లేదు.

కానీ ఆమె భయం ఆమెది. అతని మాట వింటే కూతురు చిన్నబోతుంది. కూతురి మాట విని ఏదైనా తేడా వస్తే, ఆ పిల్ల జన్మంతా కుమిలిపోతుంది. అందుకే, "ఎముక పరీక్షేదో కానివ్వండి, అప్పుడు చెప్తాను" అంది.

మరుసటి ఆదివారం జోరువానలో ఇద్దరూ ఒకే గొడుగులో వచ్చారు. చెరో భుజం తడిసింది. లలిత్ గుమ్మం దగ్గరే ఆగి గొడుగు ముడిచాడు. నీరజే తల్లి ఎదురుగా కూర్చుంది.

"నేను చెప్పిన పద్ధతి నీకు సరిపోదమ్మా. నీ ఎముక పల్చబడిందని పరీక్షలో తేలింది. నీకు సిమెంటే మంచిది."

"గట్టి ఎముకైతే నేను గూడ ఆమె మాటే అందును ఆంటీ," అన్నాడు లలిత్ మెల్లగా.

భానుమతి గుండె నిండిపోయింది. వాదించి గెలిచేవాళ్ళను చాలామందిని చూసింది. తండ్రి ముందూ, ఆ కుర్రాడి ముందూ తన మాట తానే వెనక్కి తీసుకున్న ఈ పిల్లను తను కన్నది. డాక్టరంటే ఇదీ, అనుకుంది.

భోజనాల దగ్గర దప్పళం వడ్డిస్తూ రామనాథం అడిగాడు. "ఇంతకీ ఆపరేషన్ ఎవరు చేస్తారమ్మా? నువ్వేనా?"

"సొంతవాళ్ళకి మేం చెయ్యం నాన్నా. మా పెద్ద డాక్టరు సేన్ మేడమ్ చేస్తారు. లలిత్ పక్కనుంటాడు."

లలిత్ చేతిలో ముద్ద ఆగింది. "నేను గూడ ఉండ."

"అదేటి బాబూ! నీకేటడ్డు?"

"ఇప్పుడే చెప్పింది గదా అంకుల్... సొంతవాళ్ళకి చెయ్యమని."

గరిటె గిన్నెలోకి జారింది. నీరజ చెవులు ఎర్రబడ్డాయి.

"నీకు ముందే తెలుసేటే?" అంది భానుమతి.

"లేదమ్మా. మీతోపాటే విన్నాను."

"మరి నీ మాటేటి?"

నీరజ కంచంలోకి చూస్తూ నవ్వింది. "ఆ రోజు ఆపరేషన్ థియేటర్ బయట నాన్నా నేనూ ఇద్దరమే కూర్చోవాలేమో అనుకున్నాను. ఇప్పుడు ముగ్గురం."

రామనాథం గొంతు సవరించుకున్నాడు. "దీనికేటైనా పరీక్ష ఉందా, లేక..."

"మీరుండండి. రోగిని నేను, చెప్పాల్సింది నేను." భానుమతి నిటారుగా కూర్చుంది. "మోకాలికి సిమెంటు. చేసేది సేన్ మేడమ్. మీ ముగ్గురూ బయట కూర్చోండి. నా కాలు నిలబడ్డాక మేమే హైదరాబాద్ వచ్చి మీ అమ్మా నాన్నలతో మాట్లాడతాం. మీ ఇంటికి మెట్లెన్నున్నా ఫర్వాలేదు బాబూ, నడిచే ఎక్కుతాను."