తిట్టే అమ్మాయి టీ కొట్టు

"రోప్‌వే వాళ్లకి ఇక్కడ టీ లేదు."

ఆ మాట అంటూనే బుజ్జి గిన్నె మీద మూత పెట్టేసింది. మూత కింద టీ కుతకుతా మరుగుతూనే ఉంది. ఎదురుగా నిలబడ్డ కుర్రాడికి ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మరి ఆ మరిగేదేంటండీ?"

"కషాయం. కావాలా?"

"ఇప్పించండి. మీ కషాయం వాసన బాగుంది."

బుజ్జికి ఒళ్లు మండిపోయింది. నీలం యూనిఫాం, జేబు మీద రోప్‌వే కంపెనీ బొమ్మ, పైగా ఆ నవ్వొకటి! కొండ మీద ఇంకెక్కడా చోటు లేనట్టు వాళ్ల కొట్టు బెంచీ మీదే దర్జాగా కూర్చున్నాడు.

కోపం రాదూ మరి? శిఖరానికి వెళ్లే కాలిబాటలో సరిగ్గా సగం దూరంలో, పెద్ద మలుపు దగ్గర ఉంది వాళ్లమ్మ పెట్టిన టీ కొట్టు. నిరుటి దాకా కొండ చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ బాటన నడవాల్సిందే. ఆయాసపడుతూ వచ్చి ఆ బెంచీ మీద కూలబడాల్సిందే. టీ, ఉడికించిన గుడ్లు, మొక్కజొన్న కంకులు, ఏది పెట్టినా క్షణంలో ఖాళీ. ఆ బాటను నమ్ముకుని నాలుగు కొట్లు, నాలుగు కుటుంబాలు బతికాయి.

ఇప్పుడేమో జనం రోప్‌వే గాజు డబ్బాల్లో కూర్చుని, కొట్టు మీదుగా చేతులూపుకుంటూ పోతున్నారు. మిగతా మూడు కొట్లూ మూతపడ్డాయి. బుజ్జి, వాళ్లమ్మ కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు.

"ఈ సీజన్ ఒక్కటీ చూద్దామే," అని వాళ్లమ్మ ముందే చెప్పేసింది. "బేరం లేకపోతే కొట్టు మూసేసి కింద టౌన్లో మీ పిన్ని దగ్గరికి పోదాం. ఏదో హోటల్లో మనిద్దరికీ గిన్నెలు తోమే పని చూసిపెడతానంది."

పుట్టి పెరిగిన కొండను వదిలి పోవడమంటే బుజ్జికి ప్రాణం పోయినంత పని. ఆ కడుపుమంటంతా ఆ పూట ఆ నీలం చొక్కా మీద కుమ్మరించింది. కంపెనీని తిట్టింది, తీగల్ని తిట్టింది, ఆ తీగలు కనిపెట్టినవాణ్ణి కూడా తిట్టింది. చివరికి ఆమె పోసిచ్చిన టీ గ్లాసు చేత్తో పట్టుకుని అతను బుద్ధిగా అంతా విన్నాడు.

"చాలా బాగుందండీ," అన్నాడు చివర్లో.

"ఏది? టీయా, తిట్లా?"

"రెండూ."

మర్నాడు సాయంత్రం డ్యూటీ అయ్యాక పై నుంచి మళ్లీ దిగాడు. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అతని పేరు కాస్తా 'రోప్‌వే' అయింది.

"ఏం రోప్‌వే, మీ స్టాఫ్‌కి డబ్బా ఫ్రీ అటగా? రోజూ ఈ నడకేంటి?" అని అడిగిందొకరోజు.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకూడదు. నాకు ఎత్తంటే భయం."

బుజ్జి రెప్ప వేయలేదు. "నీకా?"

"కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి."

"మరి ఉద్యోగం ఎలా ఇచ్చారయ్యా నీకు?"

"పై స్టేషన్లో తలుపులు వేసి బటన్ నొక్కడం నా పని. నువ్వు ఎక్కుతావా అని ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు."

బుజ్జి పొట్ట పట్టుకుని నవ్వింది. కొండకి రోప్‌వే వచ్చాక ఆ పిల్ల అలా నవ్వడం అదే మొదటిసారి. గుడ్లు ఒలుస్తున్న వాళ్లమ్మ లోపల్నించి తొంగి చూసి, కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, మళ్లీ గుడ్ల పనిలో పడింది.

ఇంతలో ఒక వింత జరిగింది. కొట్టుకి జనం రావడం మొదలైంది. మునుపటిలా కింద నుంచి కాదు, పై నుంచి. ముందు ఇద్దరు, తర్వాత పదిమంది, ఆ తర్వాత బెంచీ చాలక బండల మీద కూర్చునేదాకా వచ్చింది. మూసిన కొట్లలో రెండు మళ్లీ తలుపులు తీశాయి.

"చూశావా! మొన్న ఎర్ర రంగుతో బోర్డు రాయించాను కదా, దాని మహిమ," అంది బుజ్జి కాలరెగరేస్తూ. "మీ కంపెనీ నన్నేం చేయలేకపోయింది."

"నిజమే. అక్షరాలు బాగా కుదిరాయి," అన్నాడతను సీరియస్‌గా మొహం పెట్టి.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. తడిసిపోతూ ఒక ముసలి జంట పై నుంచి దిగి చూరు కిందికి దూరింది. బుజ్జి గబగబా టీ పోసిచ్చింది. ఆవిడ టీ తాగింది గానీ, ఇంకా దేనికోసమో ఆశగా బుజ్జి మొహంలోకే చూస్తోంది.

"ఇంకేమైనా కావాలా పెద్దమ్మా?"

"టీ అమృతంలా ఉందమ్మా. మరి తిట్టవా?"

"తిట్టడమేంటి పెద్దమ్మా?"

"పైన తలుపులు వేసే అబ్బాయి చెప్పాడులే. 'తిరుగు దారిలో క్యాబిన్ ఎక్కకండి, నడిచి దిగండి. మలుపు దగ్గర ఒకమ్మాయి ఉంటుంది, నోరు తెరిస్తే తిట్లే. కానీ ఆ చేతి టీ తాగకపోతే ఈ కొండ చూసినా చూడనట్టే' అన్నాడు. ఈయన మొత్తుకుంటున్నా లాక్కొచ్చాను."

"పాపం, ఆ కుర్రాడికి మూడింది," అన్నాడు పెద్దాయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ. "వాడి మాట విన్నవాళ్లంతా రిటర్న్ టికెట్ డబ్బు వెనక్కిమ్మని కౌంటర్ దగ్గర ఒకటే గొడవ. మేనేజరమ్మ వాణ్ణి అందరి ముందూ దులిపేసింది. పొద్దున్నే నా రూముకి రా, నీ సంగతి తేలుస్తానంది."

వాళ్లు వెళ్లిపోయాక బుజ్జి తలెత్తి బోర్డు వంక చూసుకుంది. సిగ్గు ముంచుకొచ్చింది. ఆ వెనకే గుండె నిండిపోయి, ఎందుకో ఏడుపొచ్చింది.

సాయంత్రం అతను తడిసి ముద్దై వచ్చాడు. బుజ్జి తువ్వాలు విసిరింది.

"జాలిపడ్డావా నా మీద?"

విషయం తెలిసిపోయిందని అతనికి అర్థమైంది. "జాలా? నీ మీద జాలిపడే ధైర్యం ఎవరికుంది?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "పైన జనం నాలుగు ఫోటోలు దిగి, అప్పుడే అయిపోయిందా అని మొహం వేలాడేసుకుని డబ్బా ఎక్కుతారు బుజ్జీ. ఈ బాట ఎంత బాగుంటుందో నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుని తలుపులెలా వెయ్యను?"

"ఉద్యోగం పోతే?"

"ఇంట్లో అమ్మా నేనే. నా జీతం మీదే గడుస్తోంది."

బుజ్జికి ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే కొట్టుకి తాళం వేసి, వాళ్లమ్మను వెంటబెట్టుకుని కొండెక్కింది. దారిలో మిగతా రెండు కొట్ల ఆడవాళ్లు కూడా, సంగతి విని, మేమూ వస్తామని బయల్దేరారు.

మేనేజర్ గది చిన్నది. అంతమంది ఒక్కసారి లోపలికొచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి లేచింది. గోడ వారగా అతను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మేడమ్, ఇతన్ని తీసెయ్యకండి. ఇతను చేసిందంతా మా కోసమే," అంది బుజ్జి రొప్పుతూ.

"అసలు మీరెవరమ్మా?"

"నేను... తిట్టే అమ్మాయిని."

మేనేజరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "తీసేస్తానని ఎవరన్నారు? రిఫండ్ గొడవకి చీవాట్లు పెట్టిన మాట నిజం. కానీ నిన్న సాయంత్రం కింద లాడ్జిల వాళ్లు నాకు దండం పెట్టి వెళ్లారు. రోప్‌వే వచ్చాక జనం రెట్టింపయ్యారు, గదులు మాత్రం ఖాళీ. గంటలో ఎక్కి దిగేసి సాయంత్రం బస్సుకే పోయేవాళ్లు. ఇప్పుడు నడిచి దిగుతున్నారు, కాళ్లు పట్టేస్తున్నాయి, రాత్రికి కింద గదుల్లోనే ఆగిపోతున్నారట!" ఆవిడ అతని వైపు తిరిగింది. "వచ్చే వారం నుంచి ఒకవైపు టికెట్ కూడా అమ్ముతాం. నువ్వు చెప్పే సోదంతా ఇకమీదట కింది కౌంటర్లో, టికెట్ కొనకముందే చెప్పు. అర్థమైందా?"

బయట ఎండ కాసింది. బుజ్జి అతని ఎదురుగా నిలబడింది. తిట్టమంటే వంద మాటలు దొరికే పిల్లకి థాంక్స్ చెప్పడానికి ఒక్క ముక్క దొరకలేదు. వాళ్లమ్మే ముందుకొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"మా నోటి దగ్గర కూడు నిలబెట్టావు బాబూ. నీ మేలు మర్చిపోలేం."

"అంత మాటెందుకు అత్తయ్యా..." అనేసి అతను నాలుక కరచుకున్నాడు. "అంటే... ఆంటీ."

పక్కనున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. బుజ్జి మొహం కందగడ్డలా అయింది. తలెత్తి అతని కళ్లలోకి చూసింది, ఇక దించలేదు.

"మార్చకు," అంది మెల్లగా. "మొదట పిలిచిందే ఉండనీ."

వాళ్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "మీ పిన్నికి ఫోన్ చెయ్యవే. మనం రావట్లేదని చెప్పు. తననే రమ్మను, పెళ్లి పనులకి మనిషి కావాలి."