మూడో సంతకం

మంగళవారం పొద్దున్న ఏడింటికి స్కూటర్ బయటికి తీయబోయిన టీచరమ్మకు సీటు మీద తన ఫొటో కనిపించింది. ఎవరో పెద్ద కాగితం మీద ముద్రించి, జిగురు పూసి అంటించి పోయారు. కళ్ళున్న చోట రెండు చిల్లులు. కింద ఎర్ర అక్షరాలతో 'అమ్ముడుపోయిన గుడ్డిది' అని రాసి ఉంది.

ఆవిడ కేకలు వేయలేదు. లోపలికెళ్ళి బకెట్టు నీళ్ళూ, గిన్నెలు తోమే పీచూ తెచ్చి గీకడం మొదలుపెట్టింది. కాగితం ఊడింది గానీ జిగురు మాత్రం సీటుకి చర్మంలా పట్టుకుని ఉంది.

"ఏమైంది?" అంటూ భర్త క్యారేజీ చేత పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. బస్సు డిపోలో ఇరవై రెండేళ్ళుగా మెకానిక్కు. సీటు వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "పోనీలే. నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు. కుక్కలు మొరిగాయని..."

"కుక్కలకి ఫొటోలు ముద్రించడం రాదండీ. ఎవరై ఉంటారు?"

"నాకేం తెలుసు?" అన్నాడు, అవసరానికి మించి గొంతు పెంచి. డిపోకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయాడు.

టీచరమ్మ బడిలో పిల్లలకి ఆటలు నేర్పుతుంది. చిన్నప్పుడు నాలుగేళ్ళు బాక్సింగు ఆడింది. మణికట్టు విరిగాక ఆట మానేసి, పరీక్ష రాసి, పోటీలకి మార్కులు వేసే జడ్జీగా లైసెన్సు తెచ్చుకుంది. పద్నాలుగేళ్ళుగా శని ఆదివారాల్లో రింగు పక్కన పెన్సిలు పట్టుకుని కూర్చుంటోంది.

మొన్న శనివారం జరిగిన పోటీకి కూడా ఆవిడే జడ్జీ. ఒక పక్క, పిడుగు అని ఊరంతా పిలుచుకునే కుర్రాడు. డిపో వెనక కాలనీలో పెరిగినవాడు, ఇరవై ఒక్క పోటీల్లో ఇరవై ఒక్క గెలుపులు. టీ కొట్ల గోడల మీద కూడా అతని బొమ్మలే. రెండో పక్క పొరుగూరి సన్నటి మనిషి. ఇంతకుముందే ఆరుసార్లు ఓడిపోయాడు. వచ్చి ఒకటి తాకించి పక్కకి జరగడం, మళ్ళీ వచ్చి ఒకటి తాకించడం అతని పద్ధతి. చిట్టా రాసుకుంటున్నట్టు ఆడతాడని పిడుగు అభిమానులు వెటకారంగా గుమస్తా అని పేరు పెట్టారు. పది రౌండ్లు అయ్యాక ముగ్గురు జడ్జీల్లో ఒకాయన పిడుగుకి ఇచ్చాడు. మరొకాయన, టీచరమ్మ గుమస్తాకి ఇచ్చారు. ఇద్దరి కాగితాల మీదా అంకె ఒక్కటే, తొంభై ఆరు, తొంభై నాలుగు. తిట్లు మాత్రం టీచరమ్మ ఒక్కదానికే వచ్చాయి.

ఆ మధ్యాహ్నం బాక్సింగు సంఘం కార్యదర్శి ఆవిణ్ణి ఆఫీసుకి పిలిపించాడు. మర్యాదస్తుడు. కుర్చీ జరిపి కూర్చోమని, ఒక కాగితాల కట్ట ముందుకు తోశాడు.

"నాకు మీ మీద నమ్మకం ఉందమ్మా. కానీ మూడొందల పన్నెండు మంది సంతకాలు పెట్టారు. మీ లైసెన్సు రద్దు చెయ్యమంటున్నారు. శుక్రవారం విచారణ పెట్టక తప్పదు."

"రెండో జడ్జీ గారు కూడా గుమస్తాకే ఇచ్చారు కదండీ. ఆయన మీద ఎన్ని సంతకాలొచ్చాయి?"

కార్యదర్శి బల్ల మీది పేపర్‌వెయిట్‌ని ఇటునుంచి అటు జరిపాడు. "ఆయన మీద... ఏం రాలేదు."

ఆవిడ కట్ట విప్పింది. మొదటి సంతకం డిపో ఎలక్ట్రీషియన్‌ది, రెండోది టైర్ల సెక్షన్ అతనిది. మూడో సంతకం దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. చివర్లో చేపతోకలా చీలే గీత. ఆ సంతకాన్ని ఆవిడ మొదటిసారి చూసింది పెళ్ళి రిజిస్టరులో, తన పేరు పక్కన.

"ఒక నకలు ఇప్పించండి," అంది.

సాయంత్రం నాలుగున్నరకి భర్త ఇంటికొచ్చేసరికి ఆ కాగితం బల్ల మీద, సరిగ్గా అతను కూర్చునే చోట ఉంది.

"ఇదెవరిదండీ?"

మెకానిక్కు చేతులు తుడుచుకుంటున్న గుడ్డ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "అదీ... అందరూ పెడుతుంటే..."

"అందరూ పెట్టాక కాదు, మీది మూడోది. మీ తర్వాత మూడొందల తొమ్మిది మంది పెట్టారు. మొగుడే పెట్టాడు మనకేంటని అందులో ఎంతమంది పెట్టారో!"

"అవును, పెట్టాను!" అతను గుడ్డ విసిరికొట్టాడు. "నా పెళ్ళానివని కళ్ళు మూసుకోవాలా? వాడి ఇరవై ఒక్క పోటీలూ చూసినవాణ్ణి నేను. శనివారం వాడు చెయ్యి విసిరినప్పుడల్లా హాలు హాలంతా అదిరిపోయింది. అంతమందీ వెర్రివాళ్ళు, నువ్వొక్కదానివే తెలివైనదానివా?"

"ఇరవై ఒకటి! ఆ ఓడినవాళ్ళలో ఒక్కడి పేరు చెప్పండి చూద్దాం. ఒకడు గోడలకి సున్నాలేసుకునేవాడు, పది రోజుల ముందు కబురు పెడితే వచ్చి నిలబడ్డాడు. ఇంకొకడు ఆట మానేసి రెండేళ్ళయింది. పడిపోయేవాళ్ళని ఏరి తెచ్చి పడగొట్టించారు, మీరు చప్పట్లు కొట్టారు. గుమస్తా ఆరుసార్లు ఓడాడని నవ్వుతారే, ఎవరి చేతుల్లో ఓడాడు? ఆ ఆరుగురిలో నలుగురు తర్వాత ఛాంపియన్లయ్యారు. మీకు అంకెలు కనిపిస్తాయి గానీ వాటి వెనక మనుషులు కనిపించరు."

"అందుకని వాడి మీద జాలిపడి..."

"జాలా?" ఆవిడ గొంతు మొదటిసారి పెరిగింది. "ఇవేవీ నేను రింగు దగ్గరికి మొయ్యను. ఆ పది రౌండ్లు తప్ప నా కాగితం మీద ఇంకేమీ ఉండదు. ఎన్ని తగిలాయి, ఎక్కడ తగిలాయి, అంతే. మీరు పోటీ చూడలేదు. మీరు పిడుగుని చూశారు."

లోపలి గదిలోంచి అత్తగారు చెవి మిషను సర్దుకుంటూ వచ్చింది. "ఏవిట్రా ఆ అరుపులు? నాకే వినపడుతున్నాయంటే వీధి చివరిదాకా వెళ్ళుంటాయి."

కోడలు కాగితం చూపించి గట్టిగా చెప్పింది. ముసలావిడ రెండుసార్లు చదివింది. తర్వాత కొడుకు మొహంలోకి చూసింది.

"శనివారం టీవీలో నేనూ చూశాను కదరా. నీ స్నేహితులు నలుగురొచ్చి ఈ గదిలోనే కూర్చున్నారు. మీ గోలకి తల పగిలిపోతోందని మిషను తీసి పక్కన పెట్టాను. ఆ సన్నోడు టపటపా మొహం మీద తాకిస్తూనే ఉన్నాడు. మనవాడేమో గాలిని కొడుతున్నాడు. మీరెందుకు లేచి గంతులేస్తున్నారో నాకు బోధపడలేదు. పిచ్చెక్కిందేమో అనుకున్నా."

"నీకేం తెలుసమ్మా..."

"టీవీ పెట్టండి," అంది టీచరమ్మ. "ఆ పోటీ మళ్ళీ పెట్టుకోండి. శబ్దం తీసేసి చూడండి. ఇదిగో పెన్సిలు. రౌండ్లో బాగా ఆడినవాడికి పది, రెండోవాడికి తొమ్మిది. నేను మాత్రం ఇక్కడుండను. ఉంటే నా మొహం చూసి మార్కులేస్తారు."

వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మెకానిక్కు రోషంగానే కూర్చున్నాడు. మొదటి రౌండ్ పిడుగుకి వేశాడు. రెండోదీ అతనికే. తనదే గెలుపని కాలు ఊపుకుంటూ మూడోది పెట్టాడు. శనివారం ఈ రౌండ్లోనే ఎలక్ట్రీషియన్ సంబరంతో స్టూలు తన్నేశాడు. పిడుగు గోడకి కొట్టినట్టు ఏడు దెబ్బలు వరసగా విసిరాడు. ఇప్పుడు గదిలో చప్పుడు లేదు. ఏడింట్లో ఐదు గుమస్తా మోచేతుల మీద, గ్లోవుల మీద పడ్డాయి. ఆ సందులోనే గుమస్తా ఎడమచెయ్యి నాలుగుసార్లు నిశ్శబ్దంగా వెళ్ళి పిడుగు ముక్కుని తాకి వచ్చింది. అతను వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మళ్ళీ అంతే. ఇంజను ఎక్కడ మొరాయిస్తోందో బానెట్టు ఎత్తకుండా చెవితోనే పట్టేయగలడని డిపోలో అతనికి పేరు. ఆ చెవే ఇక్కడ తనని ముంచిందని మెల్లమెల్లగా అర్థమవసాగింది.

పదో రౌండ్ అయ్యాక మార్కులు కూడాడు. మళ్ళీ కూడాడు. తొంభై ఐదు, తొంభై ఐదు.

"సమానం," అన్నాడు తలుపు తీసుకుని వచ్చిన భార్యతో. పరువు కాస్త మిగుల్చుకుందామని, "అంటే వాళ్ళన్నంత అన్యాయం కాదు గానీ, నీదీ పూర్తిగా సరి కాదు," అని చేర్చాడు.

ఆ మాట నిప్పులో నూనె పోసినట్టయింది.

"నాలుగో రౌండ్ నాకూ అనుమానమే! ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని. మీరు తప్పన్నా, పోట్లాడినా నాకు ఇష్టమే, అది ఆట గురించిన పోట్లాట. ఒక్క రౌండు తేడా అండీ! ఒక్క రౌండుకి నన్ను... ఆ సంతకాల పైన ఏం రాశారో అసలు చదివారా?"

అతను కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"చదవండి."

"'డబ్బు తీసుకుని తప్పుడు తీర్పు ఇచ్చిన ఈ మహిళ...'" అక్కడితో ఆపి, కుర్చీలో కూలబడ్డాడు. "చదవలేదు. సోమవారం భోజనాల దగ్గర అందరూ చుట్టుముట్టారు. పెళ్ళానికి భయపడి పెట్టవులే అన్నారు. నవ్వారు. పెన్ను చేతిలో పెట్టారు."

"వాళ్ళు నవ్వుతారని ఇంటి మనిషిని వీధిలో నిలబెట్టావట్రా?" అంది తల్లి. కేకలేసి కాదు, నెమ్మదిగా. అతనికి అదే ఎక్కువ తగిలింది.

టీచరమ్మ అన్నం పెట్టింది. మాట్లాడడం మానేసింది.

బుధవారం డిపోలో భోజనాల వేళ మెకానిక్కు అందరి ముందూ చెప్పాడు. "నా సంతకం వెనక్కి తీసుకుంటున్నా. ఆ పోటీ మళ్ళీ చూశాను."

"రాత్రి ఇంట్లో బాగా పడ్డట్టున్నాయే!" అన్నాడు టైర్ల సెక్షన్ అతను. అందరూ విరగబడి నవ్వారు.

"నవ్వండి. మూడో రౌండ్లో పిడుగు దెబ్బలు ఎన్ని తగిలాయో ఒక్కడు చెప్పండి."

"లెక్కలెందుకయ్యా? కళ్ళారా చూశాం కదా!"

"చూడలేదు. అరిచాం."

ఆ రోజు నుంచి అతని బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. గురువారం పొద్దున్న అతని లాకరు తలుపు మీద 'కొంగుచాటు మొగుడు' అని కాగితం అంటించి ఉంది. పీకితే కాగితం చిరిగి, జిగురు మిగిలింది. గోటితో గీకి వాసన చూశాడు. ట్యూబులకి పంచరు వేసే జిగురు. టైర్ల సెక్షన్ అలమారాలో ఉండే డబ్బాలోది. భార్య స్కూటరు సీటు మీద రెండ్రోజులైనా ఊడకుండా పట్టుకున్నది ఇదే. సోమవారం తన చేతికి పెన్నిచ్చినవాళ్ళే ఆవిడ కళ్ళకి చిల్లులు పొడిచారు. పొడిచే ముందు తన సంతకం పుచ్చుకున్నారు. అతను లాకరుకి నుదురు ఆనించి చాలాసేపు నిలబడిపోయాడు.

శుక్రవారం విచారణకి ఎవరూ పిలవకుండానే వెళ్ళాడు. డిపో బట్టల్లోనే. టీచరమ్మ అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

"మూడో సంతకం నాది," అన్నాడు కమిటీ ముందు నిలబడి. "పైన రాసింది చదవకుండా పెట్టాను. పోటీ మళ్ళీ చూశాను, నా లెక్కలో సమానం వచ్చింది. నా లెక్కే సరైనదని అననండి, ఆవిడకి నాకంటే తెలుసు. డబ్బు తీసుకుందన్నది మాత్రం పచ్చి అబద్ధం. పద్నాలుగేళ్ళుగా ఆవిడతో ఒకే ఇంట్లో ఉన్నది నేను. ఆ అబద్ధం నా పేరుతో బతకకూడదు. కొట్టెయ్యండి."

కమిటీ ఫిర్యాదుని తోసిపుచ్చింది. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, పరిస్థితులు చల్లబడేదాకా టీచరమ్మ మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందన్నాడు.

"తప్పు లేదంటూనే శిక్షేమిటండీ?" ఆవిడ లేచి నిలబడింది. "అదే అంకె వేసిన రెండో జడ్జీ గారికి కూడా విశ్రాంతి ఇస్తున్నారా?"

కార్యదర్శి తీర్మానం కాగితంలో విశ్రాంతి గురించి రాసుకున్న వాక్యాన్ని కొట్టేశాడు.

ఇద్దరూ బస్టాపులో నిలబడ్డారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం ఉంచి. ఒక బస్సు వచ్చి వెళ్ళింది.

"నన్ను క్షమించు," అన్నాడు.

"ఊరంతా తిట్టింది, తట్టుకున్నాను. ఫొటోకి చిల్లులు పొడిచారు, తట్టుకున్నాను." ఆవిడ చేతిసంచీని దగ్గరికి అదుముకుంది. "ఆ చేపతోక చూసినప్పుడు మాత్రం..." వారం రోజులుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. నలుగురూ చూస్తున్నారని కూడా ఆవిడ చూసుకోలేదు. అతను ఎడం దాటి పక్కకి వచ్చి, ఆవిడ చేతిసంచీ అందుకున్నాడు. ఆవిడ వదిలింది.

ఏడుపు తగ్గాక అతను మెల్లగా అడిగాడు. "నువ్వు మొట్టమొదట మార్కులేసిన పోటీ ఏది?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని అతని వంక అనుమానంగా చూసింది. వెక్కిరిస్తున్నాడేమోనని. మొహంలో వెక్కిరింత లేదు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు మీరు."

"అడగలేదు. ఇప్పుడు చెప్పు."

"ఒక బడి హాల్లో. ఇద్దరు ఆడపిల్లలు, పదహారేళ్ళుంటాయి. ఒక్క మార్కు తేడా. ఓడిన పిల్ల నా వైపే చూసింది. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి తర్వాతి పోటీకి కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఎలా జరిగిందని మీరడుగుతారనుకున్నాను. మీరు టీవీలో పోటీ చూస్తున్నారు."

అతను తల దించుకున్నాడు. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది. ఇద్దరూ కదలకపోతే డ్రైవరు విసుక్కుని పోనిచ్చాడు.

"ఆ పిల్ల తర్వాత ఏమైంది?" అన్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.