కుదపని సీసా

చిల్లకల్లు దగ్గర హైవే మీద వెటర్నరీ డాక్టర్ దశరథరామయ్య స్కూటర్‌ని ఒక లారీ గుద్ది, ఆయన్ని చంపి పారిపోయింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకుని చేతులు దులుపుకున్నారు. యాక్సిడెంటట, వీళ్ళ మొహం! అంతకు ముందురోజే ఆయన హైదరాబాద్‌కి ట్రంక్ కాల్ చేసి, నందిగామ బ్రీడర్ ఫారంలో తల్లికోళ్ళకి ఎవరో కావాలనే సాల్మొనెల్లా క్రిమిని అంటించారనీ, అది గుడ్డులోంచి పిల్లకి దిగుతుందనీ చెప్పాడు.

ఆ కాల్ అందుకున్న సీక్రెట్ సర్వీస్ చీఫ్ కల్నల్ ప్రేమానందం ఏజెంట్ జీవరత్నాన్ని పిలిపించాడు. ఇక్కడి కోళ్ళు చస్తే తమ కోడిపిల్లల్ని అమ్ముకోవచ్చని ఒక విదేశీ ముఠా ఎత్తు. రక్తపరీక్ష పాసైతే రేపు ఆ ఫారం నుంచి లారీడు పిల్లలు ఊళ్ళకి వెళ్ళిపోతాయి. పరీక్షకి కావలసిన యాంటిజెన్ మందు ప్రేమకుమారి తెస్తుంది. ముఠాలో చేరి మనకి కబుర్లు అందిస్తున్న ఏజెంటు ఆమే.

జీవరత్నం ముందు జగ్గయ్యపేటలో దిగాడు. ఆ ఫారం పిల్లల్నే పెంచిన బసవమ్మ షెడ్డులో తెల్లగా పారుకుని అన్నీ చచ్చి, ఒక్క పెట్ట మిగిలింది. దాని రక్తం తీసి, పైన తేరిన సీరం తన ఫౌంటెన్ పెన్నులో నింపుకున్నాడు.

"రేపటి లారీలో నాకూ పిల్లలొస్తన్నాయి బాబూ," అంది బసవమ్మ. "ఇయ్యీ పోతే షెడ్డు పీకేసి కూలికి పోటమే."

జీవరత్నం పెన్ను మూత గట్టిగా బిగించి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఖాకీ బట్టలేసుకుని, వెటర్నరీ అసిస్టెంటు వేషంలో నందిగామ ఫారంలో అడుగుపెట్టాడు. నల్లకళ్ళద్దాలు, సిల్కు చీర, చేతిలో ఐసు ఫ్లాస్కుతో ప్రేమకుమారి ఎదురైంది.

"మొక్కజొన్న దొరుకుతోందా?"

"తవుడే దిక్కండి."

కోడ్ సరిపోయింది. గేటు దగ్గర లారీ ఇంజను ఆన్‌లో ఉంది. పిల్లలు ఎండకి తాళలేవని ఫారం ఓనరు వెంకటరత్నం ఒకటే తొందర పెడుతున్నాడు.

జీవరత్నం కోడి రెక్క కింద సూదితో పొడిచి తెల్లటి పలక మీద రక్తపు చుక్క వేస్తున్నాడు. ఆమె పక్కనే ఊదా రంగు యాంటిజెన్ చుక్క వేసి కలుపుతోంది. జబ్బుంటే చుక్క పాలు విరిగినట్టు విరగాలి. ఒక్కటీ విరగలేదు. అన్నీ నెగెటివ్ అంది ప్రేమకుమారి.

అతని చూపంతా సీసా మీదే ఉంది. యాంటిజెన్ అంటే చంపిన సూక్ష్మక్రిములు. కాసేపు కదలకుండా ఉంటే అడుక్కి దిగిపోతాయి. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరైనా ప్రతి చుక్కకీ ముందు సీసా కుదుపుతారు. అలవాటుగా చెయ్యే కుదిపేస్తుంది. ఈవిడ ఒక్కసారీ కుదపలేదు.

సర్టిఫికెట్ మీద సంతకం చేసేవాడిలా పెన్ను తీసి, బసవమ్మ పెట్ట సీరం పలక మీద వదిలాడు. దాని మీద ఆమె సీసాలోది ఒక చుక్క వేసి కలిపాడు. విరగలేదు.

"జబ్బుకోడి సీరం మేడమ్ ఇది. ఇదీ నెగెటివేనా?" అన్నాడు సీసా ఆమె ముందు పెట్టి. "ఉత్త రంగునీళ్ళు కాబట్టేగా కుదపలేదు? తిన్నింటి వాసాలు లెక్కపెడతారా? ఆ డాక్టర్ని చంపించిందీ మీరేనా?"

ఆమె హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. జీవరత్నం మణికట్టు పట్టి మెలిపెట్టాడు. బ్యాగు కిందపడి పిస్టలూ, డిపార్ట్‌మెంటు పంపిన అసలు సీసా బయటికి దొర్లాయి. దాన్ని బాగా కుదిపి ముందు సీరంతో చూశాడు, విరిగింది. షెడ్డులోని కోడి రక్తంతో చూశాడు, అదీ విరిగింది. వెంకటరత్నం నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

నెగెటివ్ అన్న మాట వినగానే డ్రైవరు కదిలించిన లారీ అప్పటికే గేటు దాటుతోంది. జీవరత్నం పరిగెత్తి, ఎదురుగా నిలబడి, ఆమె పిస్టల్‌తోనే ముందు టైరు పేల్చాడు. జబ్బు పిల్లలు రోడ్డెక్కకుండా ఆగిపోయాయి. బసవమ్మకి వేరే ఫారం నుంచి పిల్లలు పంపమని కల్నల్‌కి ఫోన్‌లోనే గట్టిగా చెప్పాడు.

పోలీస్ స్టేషన్‌లో ప్రేమకుమారి సాయంత్రం దాకా నేరం ఒప్పుకోలేదు. తనకేమీ తెలియదన్నట్టు కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆకలేస్తోందంటే జీవరత్నం హోటల్ నుంచి ఆమ్లెట్ తెప్పించాడు.

"గుడ్లు ఎక్కడివి?" అంది అనుమానంగా.

"మీరు పొద్దున పాస్ చేసిన ఫారంవేనండి. తినండి."

ప్రేమకుమారి ప్లేటు పక్కకి నెట్టేసింది.