కిస్తీకి ముందే జీతం

ఆరాధన ముగిసిందో లేదో, మల్కాజ్‌గిరి చర్చి వాకిట్లో బ్యూలా చుట్టూ జనం మూగారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏ హాస్పిటల్ అమ్మా?"

ఏ హాస్పిటలూ లేదు. దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే సమయంలో వాళ్లమ్మ రోసమ్మ లేచి నిలబడి, "నా బిడ్డకు ప్రభువు హాస్పిటల్ ఆఫీసుల కొలువిచ్చిండు" అని కళ్లు తుడుచుకుంటూ చెప్పేసింది. బ్యూలా ఇంకా కోర్సులోనే చేరలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

"ఏందమ్మా గిట్ల చేసినవ్?"

"విశ్వాసంతోని ముందే చెప్పిన. అడిగినంక ఇచ్చిండని నమ్మాల్నా, వద్దా?"

బ్యూలా దగ్గర ఉద్యోగమైతే లేదు. ఉన్నదల్లా బీకాం డిగ్రీ, ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లిచ్చిన రంగుల కాగితం. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఏడాది కోర్సు, ఫీజు రెండు లక్షలు. బ్యాంకు లోన్ ఇస్తానంది. రిటైరైన టీచరు నాన్న జకర్యా పై సోమవారం వెళ్లి జామీను సంతకం పెట్టాలి.

అప్పుడొచ్చాడు ఆషర్. చర్చిలో కీబోర్డు వాయించే కొత్త అబ్బాయి. "సిస్టర్, నేను సుత హాస్పిటల్‌లనే, ఇన్సూరెన్స్ డెస్క్. మీదెక్కడ?"

"ఎక్కడ లేదు బ్రదర్. ముందు లోన్, తర్వాత కోర్సు, ఆ తర్వాత హాస్పిటల్."

ఆషర్ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. "ఆ కోర్సు నేను చేసిన. వద్దు. షురూల పదహారు వేలొస్తయి, ఏడు వేలు కిస్తీకి పోతయి."

"మీరు చేసి, కొలువు సంపాయించి, నన్ను వద్దంటున్నరా? నాతోని కాదనా?"

"అయ్యో, నేనెక్కడ గట్లన్న?"

"మంచి ఎంకరేజ్‌మెంట్. థాంక్స్ బ్రదర్!" అనేసి విసవిసా వెళ్లిపోయింది. పాపం ఆషర్‌కి, తిట్టినందుకు కాదు, ఆ 'బ్రదర్' అన్నందుకే ఎక్కువ బాధేసింది.

కోపం కోపమే గానీ, ఏడు వేలన్న మాట బ్యూలా బుర్రలో తిష్ట వేసింది. మర్నాడే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లింది. గోడ నిండా నవ్వుతున్న పూర్వ విద్యార్థుల ఫొటోలు.

"జీతం ముప్పై వేలకు తక్కువ రాదు మేడమ్" అన్నాడు అడ్మిషన్ల కౌన్సెలర్.

"వీళ్లల్ల ముగ్గురి ఫోన్ నెంబర్లు ఇయ్యండి సార్. మాట్లాడి చేరుతా."

"అది ప్రైవసీ మేడమ్."

ఫొటోలు గోడకెక్కించినప్పుడు లేని ప్రైవసీ! బ్యూలా మెట్లు దిగి, చర్చి క్వాయర్ వాట్సాప్ గ్రూపులో నెంబరు వెతికి ఆషర్‌కి ఫోన్ చేసింది.

"బ్రదర్, మీకింకా ఎంత అప్పుంది?"

"గుడ్ మార్నింగ్ లేదు, ఏం లేదు. డైరెక్టుగా అప్పేనా?"

"చెప్తరా లేదా?"

"రెండేండ్ల కిస్తీలున్నయి. మిమ్మల్ని చదువొద్దనలే. అప్పుతోని షురూ చేయొద్దన్న. మా దగ్గర డిగ్రీ మీదనే ట్రైనీలను తీస్కుంటరు. నాకది తెలిసేసరికి లోన్ అయిపోయింది." గొంతు తగ్గించాడు. "ఇంకోటి. జెర ఆ బ్రదర్ అనుడు బంద్ చేయండ్రి."

"మరేమనాలె?"

"ఆషర్ అనండ్రి. మావోళ్లు పేరు పెట్టింది పిలిచేటందుకే."

ఫోన్ దూరంగా పట్టుకుని, నడిరోడ్డు మీద బ్యూలా ఒక్కతే నవ్వుకుంది.

ఆ వారమంతా డ్యూటీ లేని పూటల్లో ఆషర్ స్కూటర్ తీశాడు. బోయిన్‌పల్లి నుంచి యాప్రాల్ దాకా కనబడ్డ హాస్పిటల్‌కల్లా వెళ్లారు. సర్టిఫికెట్ లేకుంటే ఎంతిస్తరు, ఉంటే ఎంత పెంచుతరు? బ్యూలా ఇవే అడిగింది. తేడా ఎక్కడా కిస్తీలో సగం కూడా రాలేదు. ఒకచోట రిసెప్షనిస్టు "మీరిద్దరూ ఏమవుతారు?" అంది. "చర్చి!" అన్నారిద్దరూ ఒకేసారి. బయటికొచ్చాక ఎవరి మొహం వాళ్లు అటు తిప్పుకున్నారు.

'మీరు' కాస్తా 'నువ్వు' అయ్యేసరికి శుక్రవారం వచ్చింది. ఆషర్ వాళ్ల హాస్పిటల్లో ఇంటర్వ్యూ. హెచ్ఆర్ మేబెల్ మేడమ్ నవ్వగా చూసినవాళ్లు లేరట.

"సర్టిఫికెట్ లేదు కదమ్మా?"

బ్యూలా కుర్చీలో ముందుకు జరిగింది. ఇది పోతే సోమవారం రెండు లక్షల అప్పు నాన్న పెన్షన్ మీద కూర్చుంటుంది.

"లేదు మేడమ్. ముందు పని నేర్చుకుంటాను. ఏడాది తర్వాత సాయంత్రం క్లాసుల్లో చేరతాను. సగం ఫీజు మీరు కట్టండి, రెండేళ్లు మిమ్మల్ని వదిలి వెళ్లను. నేర్పించాక మనుషులు వెళ్లిపోతున్నారని ఈ వారం నేను తిరిగిన ప్రతి హాస్పిటల్లో మొత్తుకున్నారు. మీకా బాధ ఉండదు."

మేడమ్ కళ్లజోడు తీసింది. "ఇంటర్వ్యూ చేస్తున్నది నేనా, నువ్వా?"

"ఇద్దరం మేడమ్."

మేబెల్ మేడమ్ నవ్వింది! "పదిహేను వేలు. సోమవారం చేరిపో. సగం ఫీజు సంగతి ఆర్డర్లో రాయిస్తా."

తిరుగు దారిలో మెట్టుగూడ చేరేసరికి వాన దంచేసింది. బండ్లన్నీ మెట్రో లైను కింద దూరాయి. ఆషర్ కూడా స్కూటర్ ఆపాడు. బ్యూలా ఇంటికి ఫోన్ చేసింది.

"అయితే నేను బ్యాంకుకు పోనక్కర్లేదా బిడ్డా?" అన్నాడు జకర్యా.

"అక్కర్లేదు నాన్నా."

అవతల ఆయన గుండెల నిండా ఊపిరి తీసుకోవడం వినిపించింది. బ్యూలాకి కళ్లు నిండాయి. ఎంత భయపడ్డాడో ఒక్కమాట కూడా బయటికి అనలేదు నాన్న.

"గెలిచినవ్ బ్యూలా" అన్నాడు ఆషర్.

"నువ్వెందుకు గట్లున్నవ్? పొద్దటి నుంచి ఏదో చెప్పబోయి మింగుతున్నవ్."

"ఏం చెప్పాలె? జీతం రాంగనే కిస్తీకి పోతది. గిట్లాంటోడు ఏ మొహం పెట్టుకొని పిల్లనడుగుతడు?"

"వారం రోజులు జీతమెంత, అప్పెంత అని సికింద్రాబాదంత తిరిగిన. నిన్ను లెక్కెయ్యలేదనుకున్నవా?"

ఆషర్ హెల్మెట్ తీసేశాడు. "ఏం తేలింది?"

వాన హోరులో గట్టిగా అరవాల్సి వచ్చింది బ్యూలాకి. "నువ్వు నాకు నచ్చినవ్! అప్పు తీరిపోతది, నువ్వుంటవ్!"

చుట్టూ హెల్మెట్లన్నీ ఇటు తిరిగాయి. రెయిన్‌కోటు వేసుకున్న ఒకాయన, "ఒప్పుకో తమ్మీ, ఏం చూస్తున్నవ్?" అన్నాడు.

"ఎప్పుడో ఒప్పుకున్న అన్నా! నాకు సుత నువ్వంటే పానం బ్యూలా! రెండేండ్లు ఆగుతవా మరి?"

"ఎందుకాగాలె? ఇద్దరం కడితే ఏడాదే! ఆదివారం వచ్చి మా నాన్నతోని మాట్లాడు."

రెయిన్‌కోటాయన హుషారుగా తన బండి హారన్ కొట్టాడు. దాని వెనకే అన్నీ మోగాయి.