ఒంటిబూటు మలుపు

ఆ మలుపు పేరెత్తితే చాలు, కొండ మీది బసలో కబుర్లు ఆగిపోతాయట. ఎప్పుడో కొండెక్కడానికి వచ్చిన ఒకాయన మంచులో దారి తప్పి అక్కడే పోయాడంటారు. దొరికినప్పుడు కుడికాలికే బూటు ఉందట. పోయిన ఎడమకాలి బూటు కోసం ఆయన రాత్రుళ్లు వస్తాడు... ప్రతి రాయీ ఎత్తి చూసుకుంటాడు... అందుకే ఒంటిబూటు మలుపులో రాయి మీద రాయి నిలవదని చెబుతారు.

ఈ మాట నమ్మని మనిషి ఒక్కడే, మన సెలూనాయన. ఏడాదంతా పట్నంలో జుట్లు కత్తిరించి, సెలవులు రాగానే దుకాణానికి తాళం వేసి, భార్యతో సహా కొండకు వచ్చేస్తాడు. వచ్చేది తిరగడానికి కాదు, సేవకు. వాలంటీర్లతో కలిసి చెత్త ఏరతాడు, విరిగిన మెట్లు సరిచేస్తాడు, దారి తెలియని చోట రాళ్లు పేర్చి గుర్తు పెడతాడు. ఆ నాలుగు రోజుల కోసమే ఆయన మిగతా ఏడాదంతా బతుకుతాడంటే అబద్ధం కాదు.

ఆ మలుపులో దారి రెండుగా చీలుతుంది. ఒకటి బసకు, రెండోది లోయ అంచుకు. కిందటేడు ఒక కుటుంబం రెండోదాన్ని పట్టుకుని, చంటిపిల్లతో రాత్రంతా ఆ అంచునే గడిపింది. వెతికి తెచ్చినవాళ్లలో సెలూనాయనా ఉన్నాడు. ఆ పిల్ల ఏడుపు ఆయన చెవుల్లోంచి పోలేదు. ఆ పగలు తను పేర్చిన చిన్న గుర్తు వాళ్లకు కనబడలేదనుకుని, ఈసారి అక్కడ నడుమెత్తు గుర్తు నిలబెట్టి తీరతానని పంతం పట్టాడు. మిగతావాళ్లకు భయం కాబట్టి, సాయానికి ఎవరూ రాలేదు.

నిలబెట్టాడు. తెల్లారేసరికి పడి ఉంది. మళ్లీ పేర్చాడు... మళ్లీ పడింది. మూడు రాత్రులు ఇదే తంతు. రేపు సెలవుల జనం దిగుతారనగా, వాలంటీర్ల పెద్ద ఆ దారి మూసేద్దామన్నాడు. సెలూనాయనకు తల కొట్టేసినట్టయింది. ఈ రాత్రికి గుర్తు పేర్చి తనే కాపలా కాస్తానన్నాడు. భార్యను తోడు రమ్మంటే, మోకాలు పట్టేసిందని ఆవిడ దుప్పటి ముసుగేసుకుంది.

చీకటి పడింది. మంచు కమ్మింది. ఆయన బండ చాటున చేరి, పాదాలు నొక్కుకుపోతుంటే బూట్ల తాళ్లు వదులు చేసుకున్నాడు. దెయ్యాల్లేవు, భూతాల్లేవు అని గొణుక్కున్నాడు. ఎందుకైనా మంచిదని దేవుణ్ణి కూడా తలుచుకున్నాడు.

అప్పుడు వినబడింది—

టక్.

రాయి మీద రాయి పెట్టిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ... టక్.

తొంగి చూశాడు. మసక వెలుగులో తెల్లటి ఆకారం ఒకటి గుర్తు మీదికి వంగి ఉంది. ఒక్కో రాయీ ఎత్తుతోంది... పక్కన పెడుతోంది... అడుగున ఏదో వెతుకుతున్నట్టే ఉంది. ఆయన పారిపోదామనే అనుకున్నాడు. కానీ ఆ చంటిపిల్ల ఏడుపు గుర్తొచ్చింది.

"బూటు కావాలంటే నాది తీసుకో," అన్నాడు గుసగుసగా. "గుర్తు మాత్రం వదిలెయ్యి నాయనా..."

ఆకారం ఉలిక్కిపడి ఇటు తిరిగింది.

"నాయనేంటండీ... నేను."

భార్య! కప్పుకున్నది బస దుప్పటి. పట్టేసిందన్న ఆ మోకాలి వంక ఆయన వంగి మరీ చూశాడు.

ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా విషయం చెప్పింది. కిందటేడు ఆ చంటిపిల్ల తల్లికి టీ ఇచ్చింది తనే. రాళ్ల గుర్తు చూసే అటు తిరిగామని ఆ తల్లి చెప్పిందట.

"బసకు దారి కుడిపక్క. మీరు గుర్తు పెట్టింది ఎడమపక్క. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇన్నేళ్లు అద్దంలో చూసి కత్తెరాడించి మీకు కుడీ ఎడమా తారుమారైపోయాయి," అని దుప్పటి సర్దుకుంది. "ఆ మాట చెబితే మీరింక కొండెక్కరని..."

సెలూనాయనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లను ఏడిపించిన దెయ్యం తనే. సిగ్గుపడ్డాడు, బాధపడ్డాడు, తర్వాత లేచాడు. ఇద్దరూ కలిసి కుడిపక్కన గుర్తు పేర్చారు. ఏది కుడో ప్రతి రాయికీ ఆవిడే చూపించింది.

ఆఖరి రాయి పెడుతూ ఆయన ప్రేమగా అడిగాడు. "రోజూ ఈ చలిలో ఒక్కదానివే వచ్చావా?"

"రోజూ ఎక్కడ? మొదటి రాత్రి నేను రాలేదు. ఎవరో పడగొట్టారని మీరు చెప్పాకే నాకీ ఉపాయం తోచింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు...

వెనకాల— టక్.

కాళ్లకు బుద్ధి చెప్పారు. మోకాలు పట్టేసినావిడే ముందు. బస గుమ్మంలో ఆగి చూసుకుంటే, ఆయన కాలికి ఒక్క బూటే మిగిలింది.

తెల్లారి వాలంటీర్లంతా వెళ్లి చూశారు. గుర్తు చెక్కుచెదరలేదు. సెలవుల జనం దాన్ని చూసుకుంటూ క్షేమంగా బసకు చేరారు. అప్పటినుంచి అక్కడ ఒక్క రాయీ పడలేదట. బూటు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

పోయింది కుడికాలిదేనని సెలూనాయన ఇప్పటికీ వాదిస్తాడు. భార్య మంచం కింది నుంచి మిగిలిన బూటు తెచ్చి ఆయన ముందు పెడుతుంది.

అది కుడికాలిది.