ఆకాశం రంగు అంగీ

వంటింట్లో ఉప్మా పోపు చిటపటలాడుతోంది. ముందు గదిలో భిక్షపతి బనీనుతో నిలబడి, దండెం మీద వేలాడుతున్న రెండు చొక్కాల వంక చూస్తున్నాడు. ఊరికే చూడటం కాదు, పరీక్ష హాల్లో రాని ప్రశ్న వంక చూసినట్టు చూస్తున్నాడు.

"ఇంకా తయారు గాలేదా? ఆకాశం రంగుది తొడుక్కో. ఇస్త్రీ చేసి దండెం మీదనే పెట్టిన!" వంటింట్లోంచి భార్య యాదలక్ష్మి కేకేసింది.

పెట్టింది సరే. దాని పక్కనే తన తమ్ముడు శ్రీనివాస్‌ది కూడా పెట్టింది. తెలంగాణ కోసం చేసిన సమ్మె రోజుల్లో సభకు వేసుకుపోవడానికి కుట్టించుకున్న గులాబీ చొక్కా అది. ఉతికి పెట్టమని అక్క ఇంట్లో పడేసి పోయాడు. బావదీ బావమరిదిదీ ఒకటే కొలత. రెండూ కొత్త గుడ్డలే. ఒకటి ఆకాశం రంగు, ఒకటి గులాబీ. కళ్ళున్న వాళ్ళెవరైనా ఇందులో ఆలోచించేదేముంది? భిక్షపతికి మాత్రం రెండూ ఒకటే రంగు, మబ్బు పట్టిన రంగు.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పుట్టినప్పటి నుంచీ అతనికి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా ఆనదు. చిన్నప్పుడు నల్లగొండ దగ్గర ఊళ్ళో, మిరపతోటలో పండుకాయలు ఏరమంటే పచ్చికాయలు కూడా తెంపి గంపలో పోశాడు. "కండ్లు నెత్తికెక్కినయారా?" అని తల్లి వీపు చిట్లగొట్టింది. దెబ్బలు ఆ పూటకే మానాయి గాని, కూలికొచ్చిన వాళ్ళంతా విరగబడి నవ్విన నవ్వు మాత్రం చెవుల్లోంచి పోలేదు. ఆ రోజే నోరు కుట్టేసుకున్నాడు.

బస్సు డ్రైవరు అయ్యాక ప్రాణం తెరిపిన పడింది. బోడిగుండంత సుఖం లేదంటారు గాని, అతన్నడిగితే ఖాకీ అంత సుఖం లేదనేవాడు. నిన్నా ఖాకీ, ఇవాళా ఖాకీ, రేపూ ఖాకీ. ఏం వేసుకోవాలో ఆలోచించే పనే లేదు. అట్లా ఇరవై ఏళ్ళు నడిచింది. మొన్న సమ్మె ముగిసి బస్సులు రోడ్డెక్కాక, కంటి పరీక్షలో దొరికిపోయాడు. రంగు చుక్కల మధ్య అంకె చదవమన్నారు. ఒక్కటి కనిపిస్తే ఒట్టు! ఉద్యోగం పోలేదు, అదే పదివేలు. డిపో ఆఫీసులో కాగితాల పని ఇచ్చారు.

"ఇగ ఆఫీసుల డ్యూటీ," అని ఇంట్లో చెప్పాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. యాదలక్ష్మి దాన్ని ప్రమోషననుకుంది. సరూర్‌నగర్‌లో వాళ్ళు కిరాయికుంటున్న గల్లీ గల్లీకంతా లడ్డూలు పంచింది. అందరూ చెయ్యి కలిపి పోతుంటే, నలుగురి మధ్య కూచుని లడ్డు తింటూ కూడా మనిషి ఎంత ఒంటరివాడో అతనికి ఆ పూట తెలిసొచ్చింది.

కూతురు స్వప్న దగ్గరుంటే "గా అంగీ జర అందియ్యి బిడ్డా" అని గట్టెక్కేవాడు. ఇన్నేళ్ళ సంసారాన్నీ అట్లాంటి వంకలతోనే నెట్టుకొచ్చాడు. ఆ పిల్ల కాలేజీకి టైమవుతోందని స్నానానికి పోయింది. చొక్కాలు రెండూ వేళ్ళతో తడిమాడు. వాసన కూడా చూశాడు. ఏమీ తేలలేదు. దేవుడి మీద భారం వేసి ఎడమ చేతి వైపుది తొడుక్కుని వాకిట్లోకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఇంటి ఓనరు ఇందిరాదేవి పాలగిన్నెతో మేడ మెట్లు దిగుతోంది. భీమవరం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆవిడ మాటలో యాస చెక్కు చెదరలేదు.

"అయ్యబాబోయ్! ఆఫీసుకాండీ, ర్యాలీకాండీ భిక్షపతిగారూ? గులాబీ చొక్కా తగిలించేశారు!" అని నవ్వింది.

ఆవిడ మనసులో ఏమీ లేదు, ఎప్పుడూ ఉండే వేళాకోళమే. భిక్షపతి మాత్రం చొక్కా మార్చుకోవడానికి గబుక్కున కదిలాడు. వెనక్కి తిరిగేసరికి ఉప్మా పళ్ళెంతో యాదలక్ష్మి గడపలో నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి ఇందిరాదేవి మారు మాట్లాడకుండా పాలవాడి కోసం గేటు బయటికి పోయింది.

"శీనుగాని అంగీ ఎందుకు తొడిగినవ్?" లోపలికొచ్చాక యాదలక్ష్మి అడిగింది.

భిక్షపతి పళ్ళెం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"నిన్ననే చెప్తి గద! నీ మీది ఆఫీసరు పట్టాభిసారు ఆంధ్రాయన. సమ్మెల మీరిద్దరు మాటా మాటా అనుకున్నరాయె. మొదటి దినమే గీ అంగీతోని ఆయన ముందట నిలవడ్తే, కయ్యానికి కాలు దువ్వినట్టు గాదా? తెలంగాణ రావాలె, నేనొద్దంటున్ననా? నేను సుత రోడ్డు మీద కూసొని వంటావార్పు చెయ్యలేదా? గానీ కొత్త సీటుల కూసునే నాడు నీకీ పంతమేంది?"

"ఏదైతేంది? అంగీయే గద," అన్నాడు.

జీవితమంతా రంగుల మాట వచ్చినప్పుడల్లా అతను పట్టుకున్న గొడుగు ఆ ఒక్క ముక్కే. ఇవాళ దాని కింద నిలబడటం కుదరలేదు.

"ఏదైతేంది!" యాదలక్ష్మి పళ్ళెం బల్ల మీద దబ్బున పెట్టింది. "పెండ్లయిన కాడ్నుంచి గదే మాట. దిల్‌సుఖ్‌నగర్‌ల దుకాణమెంబడి దుకాణం తిరిగి, నీకేది నప్పుతదా అని చూసి తెచ్చిన. నీకు ఏదైతేంది! పిల్ల కడుపులున్నప్పుడు, నాకు గాజులు తొడిగే నాడు ఆకుపచ్చ గాజులు తెమ్మంటే, ఇటుక రంగువి తెచ్చి నా ఒళ్ళె పెట్టినవ్. యాదున్నదా? మొగుడు కొట్టినందుకు గాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటరు. నేను నలుగురు నవ్వినందుకూ ఏడ్చిన, నువ్వు తెచ్చినందుకూ ఏడ్చిన. నా మొగనికి నా మీద మనసు లేదు, అందుకే నేనడిగింది చెవిన పెట్టడు అనుకున్న. కొత్త చీర కట్టుకొని ఎట్లున్న అంటే, చూడకుండనే మంచిగున్నవంటవ్. ఇంట్ల నువ్వున్నా నేనొక్కదాన్నే బతికిన!"

తలకు తువ్వాలు చుట్టుకుని స్వప్న గుమ్మంలో ఆగిపోయింది. తల్లి ఇట్లా ఏడవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

భిక్షపతి గోడకు ఆనుకున్నాడు. ఇన్నాళ్ళూ తానొక్కడే ఒంటరివాడననుకున్నాడు. అదే ఇంట్లో, అదే మంచం మీద, తన వల్లే ఇంకో మనిషి అంతకంటే ఒంటరిగా బతికిందన్న మాట అతని ఊహకైనా రాలేదు. నిజం చెబితే నవ్వుతారా, నవ్వనీ అనిపించింది.

"నాకు కనవడది, లక్ష్మీ," అన్నాడు.

"ఏం కనవడది?"

"రంగు. ఎరుపు, ఆకుపచ్చ నాకొక్క తీరుగనే ఉంటయి. గా రెండు అంగీలు నాకు ఒక్కటే. గాజులు గూడ... ఆకుపచ్చవే అనుకొని తెచ్చిన. నీ మీద ఒట్టు. దుకాణంల అడుగుదామంటే సిగ్గయింది. గిది ప్రమోషన్ గాదు. కండ్ల పరీక్షల తప్పిన. ఇగ బస్సు నడపొద్దన్నరు."

"మరి ఉద్యోగంల చేరినప్పుడు చూడలేదా నాయినా?" స్వప్న మెల్లగా అడిగింది.

"నా ముందటోడు చెప్పిన అంకెలే నేను సుత చెప్పిన బిడ్డా."

యాదలక్ష్మి అతని ఒంటి మీది చొక్కానూ, దండెం మీది చొక్కానూ మార్చి మార్చి చూసింది. అతని వంక తిరిగినప్పుడు ఆమె ముఖంలో కోపమూ ఉంది, కన్నీళ్ళూ ఉన్నాయి.

"ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయె?"

"నవ్వుతవనుకున్న."

"నవ్వితే ఒక్క దినం నవ్వుతుంటి! ఇన్నేండ్ల ఏడుపు తప్పుతుండె గద!"

భిక్షపతి తల వంచుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. యాదలక్ష్మి దగ్గరికి వచ్చి, అతని చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పింది. చివరి గుండీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"నా బొట్టు నీకెట్ల కనవడ్తది?" అంది, అడగాలో వద్దో తెలియనట్టు.

"నల్లగ."

ఆమె కళ్ళు మళ్ళీ నిండాయి.

"పెండ్లి నాటి సంది గట్లనే ఉన్నది," అన్నాడు భిక్షపతి కంగారుగా. "నాకు గదే మంచిగనిపిస్తది, లక్ష్మీ. చూడకుండ చెప్పుడు గాదు. చూసే చెప్తున్న."

యాదలక్ష్మి ఏడుస్తూనే నవ్వింది. రెండో చొక్కా తెచ్చి తానే తొడిగింది. చెప్పులేసుకుంటుంటే, "ఆగు, నేనూ వస్త. డిపో గేటు దాక వచ్చి మర్లొస్త," అని కొంగు సర్దుకుంది. మొదటి రోజే పెళ్ళాన్ని వెంటేసుకొచ్చాడని తోటివాళ్ళు ఎగతాళి చేస్తారేమోనని ఒక్క క్షణం అనిపించింది. చేసుకోనీ!

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కారు. కండక్టరు గుర్తుపట్టి, "కూసోన్రి అన్నా" అని ఇద్దరికీ వెనక సీటు చూపించాడు. ఇన్నేళ్ళలో అతను నడిపిన బస్సులో ఆమె ఎన్నోసార్లు ఎక్కింది, ఆడవాళ్ళ సీట్లో కూచుని అతని వీపు చూస్తూ ప్రయాణం చేసింది. పక్కపక్కన కూచోవడం మాత్రం ఇదే మొదటిసారి.

ఎల్‌బీనగర్ చౌరస్తాలో బస్సు ఆగింది. యాదలక్ష్మి కిటికీలోంచి సిగ్నల్ వంక చూసి, ఉలిక్కిపడినట్టు ఇటు తిరిగింది.

"మరి గిది ఎట్ల చూసేటోనివయ్యా?"

"పైది వెలిగితే ఆగుడు, కిందిది వెలిగితే పోవుడు. పక్క బండ్లు గూడ చూసుకుంటుంటి. జర భయం మాత్రం ఎప్పుడూ ఉండె."

ఆమె అతని చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ముందు సీటు వాళ్ళకు వినపడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"గా స్తంభాలకు కట్టిన జెండలన్ని గులాబి. రోడ్డు దాటుతున్న పిల్లది ఎర్ర చున్నీ. గా ముసలమ్మ చీర ఆకుపచ్చ. అంచు మాత్రం పసుపు."

బస్సు కదిలింది. వేలమందిని ఎక్కించుకుని తిరిగిన ఆ రోడ్డు వంక భిక్షపతి కొత్తగా చూశాడు. యాదలక్ష్మి ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఇంకా చెప్పు," అన్నాడు.